ఏది ముందు ఆగింది?

"ఇంకోసారి చెప్పండి డాక్టర్. ఈసారి నా బుర్రకెక్కేలా చెప్పండి," అంది సత్యవాణి.

ఐసీయూ అద్దం అవతల మల్లేశ్వరరావు కదలకుండా పడి ఉన్నాడు. తలవైపు మానిటర్ మీద పచ్చ గీత కాసేపు బుద్ధిగా నడుస్తోంది, ఉన్నట్టుండి మెలిపెట్టిన తాడులా చుట్టుకుపోతోంది, మళ్ళీ దారికొస్తోంది. పొద్దుటి నుంచి రెండుసార్లు ఆ మెలి తనంతట తాను విడిపోలేదు. ఛాతీ మీద షాక్ ఇచ్చి విడదీయాల్సి వచ్చింది.

డాక్టర్ పద్మశ్రీ కళ్ళు నులుముకుంది. నిన్నటి నుంచి ఆవిడ ఇంటికి వెళ్ళలేదు.

"ఈయనకి గుండె లయ తప్పే జబ్బు. రెండేళ్ళుగా సోటలాల్ అనే మాత్ర వాడుతున్నారు. మంచి మందే. కానీ ఒంట్లో పేరుకుపోయిందంటే, కాపాడాల్సిన లయనే చెడగొడుతుంది. ఒకసారి కొట్టుకున్నాక గుండె మళ్ళీ సిద్ధం కావడానికి కొంచెం వ్యవధి కావాలి కదా, ఆ వ్యవధిని సాగదీసేస్తుంది. ఆ సందులో ఒక్క తప్పుడు దెబ్బ పడితే చాలు, అదిగో, అలా మెలితిరుగుతుంది. మెగ్నీషియం ఎక్కించాం. మెడ దగ్గర నరంలోంచి వైరు పంపి గుండెను కాస్త వేగంగా కొట్టిస్తున్నాం. ఇంకో లయ మందు ఇచ్చే ధైర్యం నాకు లేదు. అది మరింత ముంచుతుంది."

"పేరుకున్న మందు పోవాలంటే?"

"దానికున్న దారి కిడ్నీలే. అవి రెండూ పని మానేశాయి."

"డయాలిసిస్?"

"మిషన్‌తో ఈ మందు బయటికొస్తుంది. కానీ బీపీ ఇంత తక్కువలో మిషన్ మీద పెడితే గుండె అక్కడే ఆగిపోవచ్చు. మా కిడ్నీ డాక్టరు ఒప్పుకోవడం లేదు. ప్రాణం మీదికొచ్చినప్పుడు ఒళ్ళు ఉన్న రక్తాన్ని మెదడుకీ గుండెకీ దాచుకుని, చర్మానికీ పేగులకీ కిడ్నీలకీ కోత పెడుతుంది. ఈయన చేతులు పట్టుకుని చూడండి, మంచుగడ్డల్లా ఉన్నాయి. గుండె చెడింది, అందుకే కిడ్నీలు ఆగాయి, గుండె కుదుటపడితే అవే తెరుచుకుంటాయి, ఆగుదాం అని కిడ్నీ డాక్టరు వాదన."

"మీ వాదన?"

పద్మశ్రీ గొంతు తగ్గించింది. "నాకు ఒక్కటే తెలియాలి. ఏది ముందు ఆగింది? గుండె ముందైతే ఆయన చెప్పిందే రైటు. కిడ్నీలే ముందు ఆగి ఉంటే ఎంతసేపు ఆగినా మందు ఎక్కడికీ పోదు. ఆగడమంటే చంపడమే. పోయిన నెల చేయించిన టెస్టులో కిడ్నీలు బాగానే ఉన్నాయి. ఆ తర్వాత ఏం జరిగిందో ఎవరూ చెప్పడం లేదు. సాయంత్రం దాటితే ఈ మనిషి నాకు దక్కడు మేడమ్. ఏదైనా ఆధారం తెండి, సంతకం నేను పెడతాను."

సత్యవాణి దుర్గ్ రైల్వే స్టేషన్‌లో ఆర్పీఎఫ్ సబ్ ఇన్‌స్పెక్టర్‌గా పన్నెండేళ్ళు చేసి, ఉద్యోగం మానేసి, భిలాయిలో సొంతంగా డిటెక్టివ్ ఏజెన్సీ పెట్టుకుంది. ఎన్నో కేసులు చూసింది. ఇంత భయంగా ఏ కేసులోకీ దిగలేదు. కారణం అపర్ణ. చనిపోయిన అక్క కూతురు. భిలాయిలోనే క్యాంప్ 2 పేటలో మందుల షాపులో ఫార్మసిస్టు. మల్లేశ్వరరావు మాత్రలు తీసుకునేది ఆ షాపులోనే. ఆ పిల్ల డబుల్ పవర్ మాత్రలు ఇచ్చిందని మల్లేశ్వరరావు బావమరిది గోపాలం ఫిర్యాదు ఇచ్చాడు. నిన్న సాయంత్రం అపర్ణని పోలీసులు తీసుకెళ్ళిపోయారు. ఈ మనిషి కన్నుమూస్తే కేసు రంగు మారిపోతుంది.

పొద్దున్న లాకప్ చువ్వల వెనక నుంచి అపర్ణ చెప్పింది ఒక్కటే మాట. "పిన్నీ, నేను కరెక్ట్‌గానే ఇచ్చా. కసమ్ సే, ఒట్టు. అంకుల్‌కి ఎప్పుడూ ఇచ్చేదే ఇచ్చా." ఆ తర్వాత ఏడుపు.

సత్యవాణి స్కూటర్ తీసింది.

*

హథ్‌ఖోజ్ పారిశ్రామికవాడలో మల్లేశ్వరరావు యూనిట్ గేటు బయట పోలీసు జీపు ఆగి ఉంది. క్రేన్లకు వాడే కొక్కేలు, గొలుసులు తయారు చేసే షెడ్డు అది. మిషన్లన్నీ ఆపేసి ఉన్నాయి. ఫోర్‌మన్ సత్యారావు తాళాల గుత్తి పట్టుకుని ఆఫీసు గది ముందు నిలబడ్డాడు. అరవై దగ్గర పడుతున్న మనిషి, మొహం పీక్కుపోయి ఉంది.

"లోపల ఇన్‌స్పెక్టర్ గారున్నారమ్మా. ఎవుల్నీ రానివ్వొద్దన్నారు."

"నన్ను రానివ్వకపోతే మీ సారు పోతారు సత్యారావు గారూ."

ఆయన తలుపు తోశాడు.

ఇన్‌స్పెక్టర్ దుర్గారావు బల్ల మీద కూర్చుని టీ తాగుతున్నాడు. భిలాయి స్టీల్ ప్లాంటు సెక్టర్ 6 క్వార్టర్స్‌లో పుట్టి పెరిగినవాడు, తెలుగు మొదలుపెడితే హిందీలో తేలతాడు. రైల్వే యార్డులో రాగి తీగల దొంగతనం కేసులో అతను పట్టుకున్న మనిషి దొంగ కాదని కోర్టులో నిరూపించింది సత్యవాణి. ఆ ముచ్చట అతను మర్చిపోలేదు.

"ఆయియే మేడమ్. భాంజీ కోసం, అక్క కూతురి కోసం వచ్చారా? ఇది క్రైమ్ సీన్. బాహర్ జాయియే."

"క్రైమ్ సీన్‌లో టీ తాగొచ్చా?"

దుర్గారావు గ్లాసు పక్కన పెట్టాడు. "కేసు సాఫ్‌గా ఉంది. మాత్ర ఓవర్ డోస్ అయింది. మాత్ర ఇచ్చింది మీ పిల్ల. దీంట్లో డిటెక్టివ్‌కి పనేముంది?"

"ఆయన వాడిన స్ట్రిప్ దొరికిందా?"

అతను కాస్త తటపటాయించి ప్లాస్టిక్ కవరు చూపించాడు. సత్యవాణి కవరు మీంచే చదివింది. డాక్టరు రాసిన పవరే. ఖాళీ అయిన గుంటలు షాపు బిల్లు తేదీకి సరిపోయాయి. ఒక్క మాత్ర కూడా ఎక్కువ పోలేదు.

"ఇది కరెక్ట్ మందు కదా ఇన్‌స్పెక్టర్?"

"ఇది కరెక్టే. దీనికి ముందు ఇచ్చింది గలత్. ఆ స్ట్రిప్ పారేసి ఉంటారు."

"లేని స్ట్రిప్ మీద ఆడపిల్లని లాకప్‌లో పెట్టారా?"

"ఆవాజ్ నీచే, మెల్లగా మేడమ్!"

సత్యవాణి అతన్ని పట్టించుకోలేదు. గది చుట్టూ చూసింది. బల్ల, ఇనప బీరువా, గోడకి విశ్వకర్మ పటం, మంచినీళ్ళ కూజా. మల్లేశ్వరరావు ఈ కుర్చీలోంచే కింద పడిపోయాడు. కిటికీ గట్టు మీద దుమ్ములో గుండ్రటి జాడ ఒకటి ఉంది, చిన్న సీసా అడుగంత. సీసా మాత్రం లేదు. అది మనసులో పెట్టుకుని వంగి బల్ల కిందికి చూసింది.

బల్ల కింద సేఫ్టీ బూట్లు ఉన్నాయి. వాటి పక్కనే కొత్త ప్లాస్టిక్ చెప్పులు, వెడల్పాటివి. ఒక బూటు వెనక భాగం లోపలికి నలిగి ఉంది. కాలు పట్టక, మడమ తొక్కి ఈడ్చినట్టు.

"సత్యారావు గారూ, మీ సారు షెడ్డులోకి చెప్పులతో వస్తారా?"

ఆయన ఉలిక్కిపడ్డాడు. "చెప్పులా? ఆరు నెలల నాడు చెప్పులేసుకొచ్చినాడని ఒకణ్ణి గేటు కాడినుంచే తిరగ్గొట్టీసేరమ్మా. అలాటిది ఈ మజ్జన ఆయనే చెప్పులతో వస్తన్నారు. అడిగితే, కాలికి బూటు ఎక్కడంలేదోయ్ సత్యారావ్ అన్నారు."

"ఎప్పట్నుంచి?"

"ఫలానా రోజని చెప్పలేను గానీ, విశ్వకర్మ పూజ ముందునించే."

పూజ అయిన నాలుగో రోజున మల్లేశ్వరరావు పడిపోయాడు. సత్యవాణి వెంటనే అడిగింది. "పూజకి ఫొటోలు తీశారా?"

"తియ్యకండా ఎలాగుంటాం?" ఆయన జేబులోంచి ఫోను తీసి వేలితో జరుపుతూ వెతికాడు. మిషన్లకి పసుపు కుంకుమలు, బంతిపూల దండలు. పటం ముందు హారతి పళ్ళెం పట్టుకుని మల్లేశ్వరరావు. పూజ కాబట్టి వట్టి కాళ్ళతో ఉన్నాడు. సత్యవాణి ఫొటోని పెద్దది చేసింది. చీలమండలు కనబడటం లేదు. కాళ్ళు పిక్కల నుంచి వేళ్ళ దాకా ఒకే స్తంభంలా ఉబ్బి, చర్మం నిగనిగలాడుతోంది. మొహంలో మాత్రం హాయిగా నవ్వుతున్నాడు.

"పడిపోవడానికి నాలుగు రోజుల ముందు," అంది పైకే. "గుండె ఇంకా గతి తప్పలేదు. కానీ నీరు అప్పటికే బయటికి పోవడం లేదు."

దుర్గారావు భుజం మీంచి తొంగిచూశాడు. "వాపు ఉంటే ఏమైంది? వయసు, ఉమర్ వచ్చాక అందరికీ వస్తుంది."

"మీకు రాలేదే?"

సత్యారావు ఫోను నుంచే ఫొటోని పద్మశ్రీకి పంపించింది. తర్వాత ఆయన్ని పక్కకి తీసుకెళ్ళింది. "మీ సారు పోతే ఎవరికి లాభం?"

సత్యారావు ఇన్‌స్పెక్టర్ వైపు ఓ చూపు చూసి, గొంతు తగ్గించాడు. "మా కొక్కెం విరిగి ఎండాకాలంలో ఒక కుర్రోడు పోనాడమ్మా. టెస్టు చెయ్యకండానే చేసినట్టు సర్టిఫికెట్ పుట్టించింది గోపాలం బాబు. సారుకి తర్వాత తెలిసింది. వచ్చే సోమవారం నాడు ఫ్యాక్టరీ ఇన్‌స్పెక్టర్ కాడ ఉన్నదున్నట్టు చెప్పీడానికి ఇద్దరం వెళ్దామనుకున్నాం. బామ్మర్దైతే ఏటి, పోయినోడికి తల్లి లేదా అన్నారు."

ఫోను మోగింది. పద్మశ్రీ.

"ఈ ఫొటో తేదీ నిజమేనా?" ఆవిడ తొందరపడుతోంది. "అయితే కిడ్నీలే ముందు. గుండె తర్వాత. మేడమ్, ఈయన నొప్పి మాత్రలేమైనా వాడారా?"

"ఎందుకు?"

"కిడ్నీలో సన్న జల్లెడలుంటాయి. ఒక్కోదానికి రక్తం వచ్చే నాళం ఒకటి, పోయే నాళం ఒకటి. వచ్చే నాళాన్ని తెరిచి ఉంచే పదార్థం మన ఒంట్లోనే పుడుతుంది. నొప్పి మాత్ర దాన్ని పుట్టనివ్వదు, కుళాయి సగం కట్టేసినట్టే. పోయే నాళం బిగువుగా ఉంటేనే జల్లెడలో ఒత్తిడి నిలుస్తుంది. ఈయన వాడే బీపీ మాత్ర ఆ బిగువు వదులు చేస్తుంది. మామూలప్పుడు దానితో ఇబ్బంది లేదు. రెండూ కలిస్తే రావడం తగ్గిపోతుంది, వచ్చింది జారిపోతుంది. జల్లెడ ఎండిపోతుంది. అప్పుడు రోజూ వేసుకునే సరైన సోటలాల్ మాత్రే బయటికి పోయే దారి లేక లోపల గుట్టపడుతుంది. అందుకే నొప్పి మాత్ర ముట్టుకోవద్దని ఈయనకి ఎర్ర సిరాతో రాసిచ్చాను."

"వాడినట్టు తేలితే మిషన్ మీద పెడతారా?"

"ఫొటో ఒక్కటే ఉంటే కిడ్నీ డాక్టరు గుండె జబ్బు వాపు అంటారు. ఏం మింగాడో తెలిస్తే ఇంక ఆయన అడ్డం చెప్పలేరు. త్వరగా, ప్లీజ్. ఇప్పుడే మళ్ళీ మెలితిరిగింది."

*

మల్లేశ్వరరావు భార్య వరమ్మ ఆస్పత్రి హాల్లో ఒక మూల కుర్చీలో ముడుచుకుని కూర్చుంది. ఒళ్ళో సంచీ. రెండు చేతులతో దాన్ని పట్టుకుంది.

"మీ తమ్ముడేడమ్మా?"

"ఇంతకుముందే ఎల్లేడు. పనుందన్నాడు."

సత్యవాణి ఆవిడ ఎదురుగా నేల మీదే గొంతుక్కూర్చుంది. "అక్కా, మీ ఆయన నొప్పి మాత్రలు వేసుకునేవారా?"

"లేదు. డాక్టరమ్మ వద్దన్నాది కదా. నడుం నొప్పితో లేవలేకపోయినా ముట్టుకోలేదు."

"మరి నొప్పి ఎలా తగ్గింది?"

వరమ్మ సంచీని ఇంకా దగ్గరికి లాక్కుంది.

"కిటికీ గట్టు మీద సీసా జాడ ఉంది. సీసా లేదు. ఎవరు తీశారు?"

"నాకు తెలీదు."

"మీకు తెలుసు. ఆ సంచీ అలా పట్టుకున్నారంటేనే తెలుసు."

"నన్నొగ్గీ అమ్మా," వరమ్మ తల అడ్డంగా ఊపింది. "నన్నేటీ అడక్కు."

"అడుగుతాను. అక్కడ ఒక ఆడపిల్ల చెయ్యని తప్పుకి చువ్వల వెనక ఏడుస్తోంది. ఇక్కడ మీ ఆయన గుండె ఆగి ఆగి కొట్టుకుంటోంది. మీరు ఎవరిని కాపాడుతున్నారు?"

"వాణ్ణి నా ఒళ్ళో పెంచేను!" వరమ్మ ఒక్కసారి బావురుమంది. హాల్లో వాళ్ళంతా తిరిగి చూశారు. "మా అమ్మ మంచం పడితే, వాడు అప్పా, అక్కవైనా తల్లి కంటే ఎక్కువ పెంచేవే అనీవాడు. నడుం నొప్పికి ఆయుర్వేదం బావా, ఆకులూ ఏర్లూ, ఏటీ అవదు అని వాడే తెచ్చిచ్చేడు. గొట్టం మాత్రలు. ఈయన మా బాగుందని రోజుకి మూడు పూటలా ఏసుకున్నారు. నా మోకాలికీ ఒకటిచ్చేరు. అరగంటలో నొప్పి ఎగిరిపోయింది."

"ఆకుల మందు అరగంటలో పని చేసిందా?"

"అప్పుడే అనుమానమొచ్చింది." ఆవిడ కొంగుతో మొహం కప్పుకుంది. "ఈయన పడిపోయిన రోజు గోపాలం చెప్పేడు, అప్పా, నాటు మందు వాడినట్టు తెలిస్తే డాక్టర్లు తిడతారు, ఆ సీసా తీసీ అనీసి. ఆఫీసుకెళ్ళి తీసీసేను. నిన్న డాక్టరమ్మ నొప్పి మాత్రలేమైనా ఏసుకున్నారా అనడిగితే లేదనీసేను గానీ, అమ్మే గుర్తొచ్చింది. మా అమ్మ అలాగే పోయింది. కీళ్ళ నొప్పులకి వాడు మాత్రలు కొని పెట్టీవాడు. ఆవిడకీ బీపీ మందు ఉన్నాది. కిడ్నీలు పోయేయి. రెండూ కలిపి ఎందుకిచ్చేవయ్యా, రక్తం అందకుండా చేసీసేవు కదా అని పెద్ద డాక్టరు మా ఇద్దరి ఎదాటా వాణ్ణి తిట్టేడు. ఆ రోజు వాడు గోడకి తల కొట్టుకుని ఏడ్చేడు. నిజంగానే ఏడ్చేడమ్మా. తెలీక చేసేడు అప్పుడు."

ఇప్పుడు తెలిసే చేశాడన్న మాట ఆవిడ నోటి వెంట రాలేదు.

సత్యవాణి చెయ్యి చాపింది. వరమ్మ సంచీలోంచి గోధుమరంగు ప్లాస్టిక్ సీసా తీసి అందులో పెట్టింది. సగం పైగా ఖాళీ. లోపల ఆకుపచ్చ గొట్టం మాత్రలు. సత్యవాణి ఒకటి తీసి విప్పింది. ఆకుపచ్చ పొడి లేదు. తెల్లటి పిండి, మధ్యలో సరిగా నలగని మాత్ర ముక్క ఒకటి. దాని అంచున సగం అక్షరం కనిపిస్తోంది.

మెట్లు రెండేసి చొప్పున ఎక్కింది.

పద్మశ్రీ ఆ ముక్కని వెలుగులో పెట్టి చూసింది. సీసాని తీసుకెళ్ళి, ఫోన్‌లో ఫొటోతో సహా, కిడ్నీ డాక్టరు చేతిలో పెట్టింది. ఆయన మాత్ర ముక్కనీ ఫొటో తేదీనీ మార్చి మార్చి చూశాడు. తర్వాత కళ్ళజోడు సర్దుకున్నాడు. "చాలా నెమ్మదిగా తిప్పండి. నీరు తియ్యొద్దు. బీపీకి మందు ఎక్కిస్తూ ఉండండి. నేనూ ఉంటాను."

మిషన్ తిరగడం మొదలైన పది నిమిషాలకే బీపీ జారిపోయింది. మానిటర్ అరిచింది. గీత మెలితిరిగింది. నర్సు ఛాతీ మీదికి వంగింది. సత్యవాణి అద్దానికి నుదురు ఆనించి, చిన్నప్పుడు చర్చిలో తండ్రి పక్కన నిలబడి చదివిన ప్రార్థన మొదలుపెట్టి, మధ్యలో మాటలు మర్చిపోయింది. తను తెచ్చిన ఆధారమే ఈ మనిషిని చంపేస్తుందా?

షాక్. మళ్ళీ ఇంకోటి. గీత విడిపోయింది. పద్మశ్రీ మిషన్ ఆపలేదు.

ఆ తర్వాత సమయం ఎలా గడిచిందో సత్యవాణికి తెలియదు. కిటికీలో ఎండ పచ్చబడింది. గీత మెలితిరగడం తగ్గింది, తర్వాత ఆగిపోయింది. పద్మశ్రీ బయటికొచ్చి సత్యవాణి చెయ్యి గట్టిగా పట్టుకుంది. "ఇంకా గండం గడవలేదు. కానీ చేతులు వెచ్చబడుతున్నాయి."

వెనక నుంచి దుర్గారావు గొంతు వినిపించింది. ఎప్పుడొచ్చాడో ఏమో, టోపీ చంకలో పెట్టుకుని నిలబడ్డాడు. "ఆ సీసా నాకివ్వాలి మేడమ్. ల్యాబ్‌కి పంపాలి. రిపోర్ట్ వచ్చేదాకా మీ భాంజీని వదలడం నా చేతిలో లేదు."

"విషం ఎవరూ పెట్టలేదు ఇన్‌స్పెక్టర్. డాక్టరు రాసిన మందు ఒంట్లోంచి పోయే దారి మూసేశారు. మీరు మాత్రలు లెక్కపెడుతూ కూర్చుంటే దొరకదు. ఆ పిల్లని కనీసం కుర్చీలో కూర్చోబెట్టండి. అన్నం పెట్టించండి."

దుర్గారావు కళ్ళు దించుకున్నాడు. ఫోను తీసి స్టేషన్‌కి చేశాడు. "ఆ లడ్కీని బయట కూర్చోబెట్టండి. ఖానా మంగవావో. హా, అభీ." తర్వాత సత్యవాణి వైపు తిరిగాడు. "గోపాలం ఎక్కడ?"

వరమ్మ మెట్ల దగ్గర గోడ పట్టుకుని నిలబడి ఉంది. భర్త బతికే ఆశ ఉందని ఎవరో చెప్పినట్టున్నారు, ఏడుస్తూనే రెండు చేతులూ జోడించింది. అంతలోనే ఆవిడ చూపు ఇన్‌స్పెక్టర్ చేతిలోకి వెళ్ళిన సీసా మీద ఆగిపోయింది.

"నువ్వు ఒక సీసాయే అడిగేవమ్మా," అంది మెల్లగా. "వాడు రెండు తెచ్చేడు."

"రెండోది ఎవరికి?"

"సత్యారావు గారికి. ఆయనకీ నడుం నొప్పే. ఆయనకీ గుండె మందూ, బీపీ మందూ ఉన్నాయి."

సత్యవాణికి అప్పుడు అర్థమైంది. సోమవారం సాక్ష్యం చెప్పాల్సింది ఇద్దరు. ఒకళ్ళు ఈ అద్దం అవతల ఉన్నారు. రెండో మనిషిని మధ్యాహ్నం ఎదురుగా నిలబెట్టుకుని, ఆ పీక్కుపోయిన మొహం చూస్తూ కూడా, మీరేం మందు వాడుతున్నారని తను అడగలేదు.

పద్మశ్రీ ఫోన్‌లో ఫొటో వచ్చిన నంబరు చూసి, సత్యారావుకి ఫోన్ చేసింది. చాలాసేపు మోగింది. చివరికి ఎవరో ఎత్తారు. "సత్యారావు గారూ, నేను సత్యవాణిని," అంది.

"నమస్తే దీదీ." సత్యారావు కాదు. మెత్తటి, మర్యాదైన గొంతు. "గోపాలాన్ని. సత్యారావు గారికి నలతగా ఉన్నాది. నానే దగ్గరుండి మందేస్తన్నాను."

"ఎక్కడున్నారు మీరు? ఆయన్ని వెంటనే ఆస్పత్రికి తీసుకురా."

"ఆస్పత్రి ఒద్దంటన్నారు దీదీ."

అతని వెనక ఎవరో తడబడే నాలుకతో నీళ్ళు అడిగారు. గ్లాసు బల్ల మీద పెట్టిన చప్పుడయింది. ఫోను కట్టయిపోయింది.